సామాను దగ్గరెవరు?

మన పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అని ఒక ముచ్చట ఉంది కదా! పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని, ఈ సంసారం నాకొద్దు, కాశీకి పోతానని బయలుదేరతాడు. బావమరిది ఎదురెళ్ళి, గడ్డం పుచ్చుకుని బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. ఎన్ని పెళ్ళిళ్ళు చూశానో లెక్కలేదు గాని, ఆ పెళ్ళికొడుకు చేతిలో గొడుగు తప్ప ఇంకేమీ ఉండదన్న సంగతి మాత్రం ఈ వేసవి సెలవుల్లోనే నా బుర్రకు తట్టింది. మంచినీళ్ళ సీసా లేదు. మార్చుకోవడానికి బట్టల జత లేదు. తువ్వాలు లేదు, జ్వరం మాత్ర లేదు. ఉత్త గొడుగుతో కాశీదాకా ఎలా పోదామనుకున్నాడండీ ఆ మహానుభావుడు? పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఎన్నడూ సామాను సర్దుకున్నవాడు కాడని తెలిసిపోతూనే ఉంది.

ఈ ఏడు నేను యాత్రా సాహిత్యం కొంత చదివాను. చదువుతున్నంతసేపూ నాకు ఆ గొడుగే కళ్ళముందు ఆడింది.

నేనెందుకు చదవవలసి వచ్చిందో ముందు చెప్పాలి. ఫిబ్రవరిలోనే మా పిల్లలు మొదలుపెట్టారు. "సెలవుల్లో అందరూ ఎక్కడికో వెళ్తున్నారు, మనం ఎక్కడికీ వెళ్ళం" అని. పెద్దది ఆరో తరగతి. చిన్నవాడికి ఇంకా ఐదు నిండలేదు. మావారు కాఫీ తాగుతూ ఉదారంగా ఒక వరం ఇచ్చారు. "ప్రోగ్రాం అంతా నువ్వే వెయ్యి. ఇలాంటివాటికి నీ అంత ఓపిక ఎవరికుంది?" అన్నారు. ఇది మెచ్చుకోలో, పని అప్పజెప్పడమో పదమూడేళ్ళ కాపురం తర్వాత కూడా నేను తేల్చుకోలేకపోయాను. సరే, నాకో అలవాటుంది. ఏ పనైనా చేసేముందు దాని గురించి ఎవరైనా రాశారేమో చూస్తాను. పెళ్ళయిన కొత్తలో ఆవకాయ కూడా మా అమ్మ రాసిన ఉత్తరం పక్కన పెట్టుకునే కలిపాను. అందుకని పత్రికల్లో వచ్చే వేసవి ప్రయాణాల జాబితాలు కొన్ని, లైబ్రరీ నుంచి తెచ్చిన పాత యాత్రా గ్రంథాలు కొన్ని ముందేసుకుని కూర్చున్నాను. ఈ నాలుగు మాటలూ ఆ చదువు ఫలితం.

ముందు జాబితాల సంగతి. "ఈ వేసవిలో తప్పక చూడవలసిన పది ప్రదేశాలు" అని ఉంటుంది. ఆ 'తప్పక' అన్న మాట చూడగానే నాకు పరీక్ష పేపరు గుర్తొస్తుంది. అందులో రాసేవన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. కొండలన్నీ ఆకాశాన్ని తాకుతాయి. జలపాతాలన్నీ కనువిందు చేస్తాయి. ఊరేదైనా సరే, ప్రకృతి ఒడిలోనే ఉంటుంది. అరకులోయ పేరు తీసేసి ఊటీ పేరు పెట్టినా ఆ పేరా ఏమీ అభ్యంతరం చెప్పదు. పోనీ, వర్ణనలకేం గాని, బొమ్మల్లోనైనా నిజం ఉండవద్దూ? నేను చూసిన ఒక జాబితాలో అరకు పేరు కింద పసుపుపచ్చని వలిసె పూల చేలు, మధ్యలో నవ్వుతూ ఒక కుటుంబం. చాలా బాగుంది. కాని వలిసె చేలు పూసేది నవంబరు, డిసెంబరు ప్రాంతాల్లో. బడికి సెలవులిచ్చేది మే నెలలో. ఆ బొమ్మ చూపించి పిల్లల్ని మే నెలలో తీసుకెళ్తే "పూలేవమ్మా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసింది ఆ జాబితా రాసినాయన కాదు, నేను!

ఒక తల్లికి కావలసిన వివరం వేరు. మెట్లెన్ని? వాటిమీద నాలుగేళ్ళ పిల్లవాడు నడవగలడా, ఎత్తుకోవాలా? స్నానాలగదికి ఎంతదూరం? ఏ వారం సెలవు? ఈ చివరిది చాలా ముఖ్యం సుమండీ! విశాఖపట్నం బీచిరోడ్డు మీద కుర్సురా జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో ఒడ్డుకెక్కి మ్యూజియం అయింది. పిల్లలకు అంతకన్నా సరదా వస్తువు ఆ ఊళ్ళో ఇంకొకటి లేదు. దానికి సోమవారం సెలవు. హైదరాబాదులో జంతుప్రదర్శనశాలకూ సోమవారమే సెలవు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం. పిల్లల్ని ముస్తాబు చేసి, ఆటో కట్టించుకుని వెళ్ళి, మూసిన గేటు ముందు నిలబడటమెలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఆకాశాన్ని తాకే కొండల మధ్య ఈ ఒక్కముక్క ఇరికించడానికి చోటు దొరకదా అని నా బాధ.

ఇక గ్రంథాల మాటకొద్దాం. తెలుగులో యాత్రలనగానే అందరూ మొదట చెప్పేది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్ర. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటర్. 1830 మే 18న బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా చూసుకుని, తూర్పుతీరం వెంట దిగి 1831 సెప్టెంబరు 3న మళ్ళీ మద్రాసు చేరారు. పదిహేను నెలల పైచిలుకు! దారిపొడుగునా చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెగారనే స్నేహితుడికి రాసి పంపారు. ఆ పిళ్ళెగారే 1838లో దాన్ని పుస్తకంగా అచ్చు వేయించారు.

ఈ పుస్తకాన్ని పండితులు చరిత్ర కోసం, భాష కోసం చదువుతారు. నేను సరంజామా కోసం చదివాను. అలా చదివినా అది గొప్ప పుస్తకమే. ఏ ఊరు ఏ ఊరికి ఎన్ని ఆమడలు, దారి రాళ్ళదా ఇసుకదా, నీళ్ళు మంచివా కావా, దిగడానికి వసతుందా, అంగళ్ళలో ఏం దొరుకుతాయి అన్నీ రాశారాయన. ఇప్పటి జాబితాలు రాసేవాళ్ళు ఆయన దగ్గర ఓ నెల్లాళ్ళు శిష్యరికం చేస్తే బాగుండును. కొండ ఆకాశాన్ని తాకుతోందని రాసి ఊరుకోడు. ఆ కొండ ఎక్కడానికి బోయీలు ఎంత అవస్థపడ్డారో చూస్తాడు. మజిలీకీ మజిలీకీ మధ్య విశ్రాంతి ఉంటుంది. నచ్చిన ఊళ్ళో ఆగుతాడు. 'ఏడు రోజుల్లో పద్నాలుగు క్షేత్రాలు' అని బస్సు ఎక్కించేవాళ్ళు ఆ పుస్తకం చదివి సిగ్గుపడాలి.

అయితే ఒక లోటు చెప్పకుండా ఉండలేను. ఆయన వెంట సుమారు వందమంది పరివారం. ఆ వందమందిలో ఆయన తల్లిగారూ, భార్యా ఉన్నారు. ఆ ఇద్దరూ కూడా అంతదూరం వెళ్ళారు కదా, అన్ని నదులు దాటారు కదా, వాళ్ళకేం నచ్చింది? కాశీలో గంగ ఒడ్డున మొదటిసారి నిలబడి ఆ తల్లిగారు ఏమన్నారు? హైదరాబాదు బజారులో ఆ ఇల్లాలు గాజులు కొనుక్కుందా? నేను వెతికాను. నాకు దొరకలేదు. ఆయన్ను తప్పు పట్టడం లేదు. ఒక స్నేహితుడికి రాసుకున్న సంగతులు అవి. ఇంట్లో ఆడవాళ్ళ సంగతి ఉత్తరంలో ఎత్తడం ఆ రోజుల మర్యాద కాదు కాబోలు. ఏమైనా, ఆ ఇద్దరూ బోయీల భుజాలమీద పదిహేను నెలలు దేశమంతా తిరిగి, మనకు ఒక్క మాటైనా చెప్పకుండా ఇంటికెళ్ళిపోయారు.

తర్వాత బారిష్టర్ పార్వతీశం తీశాను. యాత్రా గ్రంథం కాదు, నవల కదా అంటారేమో. పిల్లలతో ప్రయాణం పెట్టుకున్నవాళ్ళు చదవవలసిన పుస్తకం అదేనని నా అభిప్రాయం. ఎందుకంటారా? మొక్కపాటివారి పార్వతీశం మొగల్తూరు దాటి బయటికొచ్చిన దగ్గర్నుంచీ అడుగడుగునా పొరపాటు చేస్తాడు. మద్రాసులో టోపీ కొనుక్కోమంటే ఆడవాళ్ళ టోపీ కొనుక్కుని, నెత్తిన పెట్టుకుని తిరుగుతాడు. మనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతాం. కాని నిదానంగా ఆలోచిస్తే, ఆ కుర్రాడికి ఏ వస్తువూ 'తప్పక చూడవలసినది' కాదు. ఏది కనబడితే అదే వింత. రైలు వింత, హోటలు వింత, ఓడ వింత. మా చిన్నవాడు అచ్చం అంతే. విశాఖ తీసుకెళ్తే సముద్రం పది నిమిషాలు చూశాడు. ఆ తర్వాత గంటసేపు ఒక పీతబొరియ ముందు గొంతుక్కూర్చున్నాడు. "సముద్రం ఇటుందిరా" అని వాళ్ళ నాన్న వాడి భుజాలు పట్టుకుని తిప్పుతారు. వాడు మళ్ళీ బొరియ వైపు తిరుగుతాడు. తెలియనివాడు ఎలా చూస్తాడో తెలుసుకున్నవాళ్ళే పిల్లల్ని వెంటబెట్టుకుని తిరగగలరు. పార్వతీశం నాకు ఆ పాఠం చెప్పాడు. రోజుకు ఒకటే పెద్ద వస్తువు. మిగతా పొద్దంతా పీతబొరియలకు వదిలెయ్యాలి.

ఈ పుస్తకాలు మూసి పెట్టిన తర్వాత నా చిన్నప్పటి సెలవులు గుర్తొచ్చాయి. మాకు ప్రోగ్రాములూ ప్లానులూ ఎక్కడివి? పరీక్షలు అయిన మర్నాడు అమ్మమ్మగారి ఊరు. పన్నెండుమంది పిల్లలం. మామిడితోట, కాలవ, డాబామీద చాపలు, ఒకే పళ్ళెంలో కలిపి అమ్మమ్మ చేతిలో పెట్టే ముద్దలు. "ఆ రోజుల్లో ఏ ప్లానూ లేకుండానే ఎంత హాయిగా ఉండేవాళ్ళం!" అని మా అన్నదమ్ములు ఇప్పటికీ అంటూంటారు. నేనూ అంటూండేదాన్ని. ఈ వేసవిలో పుస్తకం, పెన్సిలు పుచ్చుకుని కూర్చున్న తర్వాతే తెలిసింది. ప్లాను లేకపోవడమేమిటి నా మొహం! పన్నెండుమంది పిల్లలకు రెండు నెలలు సరిపడా బియ్యం, పప్పు, మజ్జిగ, పక్కబట్టలు, ఎవరికి చెవిపోటు వస్తుంది, ఎవరు కాలవలో దిగకూడదు, ఏ ఇద్దర్ని పక్కపక్కన పడుకోబెట్టకూడదు, ఇదంతా అమ్మమ్మ బుర్రలో ఉండేది. కాగితం మీద లేదు కాబట్టి మాకు కనిపించలేదు. అమ్మమ్మ ఆ రెండు నెలల్లో కాలవ ఒడ్డుకు ఒక్కసారైనా వచ్చిందా అని ఎంత ఆలోచించినా నాకు గుర్తుకు రాలేదు.

సరే, ఇంత చదివి, ఇంత ఆలోచించి నేను వేసిన ప్రోగ్రాం వినండి. నాలుగు రోజులు, విశాఖ, అరకు. ఘాట్‌రోడ్డు మీద కారులో వెళ్తే పెద్దదానికి వాంతులు. అందుకని రైలే. అరకు మీదుగా కిరండూల్ వెళ్ళే ఆ లైను 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి వేసింది. ఇనుము కోసం వేసిన దారి పిల్లలకు ఆటబొమ్మ అయింది. లైను మొత్తం మీద 58 సొరంగాలంటారు. రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే ఇస్తారు. 2024 అక్టోబరు దాకా 120 రోజుల ముందు ఇచ్చేవారు. 60 రోజులన్నది ఇల్లాలికి మేలే, నాలుగు నెలల ముందు ఎవరికి జ్వరమొస్తుందో ఎలా తెలుస్తుంది? ఐదేళ్ళలోపు పిల్లవాడికి వేరే బెర్తు వద్దంటే టిక్కెట్టు అక్కర్లేదు. పన్నెండేళ్ళలోపు పిల్లకైనా బెర్తు కావాలంటే మాత్రం పూర్తి ఛార్జీ. అద్దాల పెట్టె ఒకటి 2017 నుంచి ఆ బండికి వేస్తున్నారు గాని, మేము చూసేసరికే అందులో సీట్లు అయిపోయాయి. మామూలు పెట్టెలోనే ఎక్కాం.

పిల్లల్ని కూడా ప్లానులో కలిపాను. ఎవరి సంచీ వాళ్ళదే, ఎవరి సంచీలో ఏముండాలో వాళ్ళ ఇష్టమే. చిన్నవాడు తన సంచీలో ఒక ఇటుకరాయి ముక్క పెట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఇద్దరికీ చెరో రెండు వందలు ఇచ్చి, ఏం కొనుక్కున్నా తిట్టనని మాట ఇచ్చాను. మొదటిరోజు ఆదివారం, జలాంతర్గామి. రెండోరోజు పొద్దున్నే అరకు రైలు, దారిలో బొర్రా గుహలు. మూడోరోజు అరకులో గిరిజన మ్యూజియం, సాయంత్రం ఖాళీ. నాలుగోరోజు తిరుగు ప్రయాణం. ఇంటికొచ్చాక బడి తెరవడానికి వారం ఉండాలి, బట్టలు ఉతుక్కోవద్దూ?

అంతా అనుకున్నట్టే జరిగింది. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. జలాంతర్గామిలో పిల్లలు గుండ్రటి ద్వారాల్లోంచి చేపపిల్లల్లా దూరిపోతుంటే, మావారు ప్రతి ద్వారం దగ్గరా నడుం వంచి నమస్కారం పెడుతూ వచ్చారు. రైల్లో సొరంగం రాగానే పెట్టె పెట్టంతా అరిచింది. సొరంగాలు లెక్కపెట్టడంలో అక్కాతమ్ముళ్ళ లెక్క కలవలేదు. ఆ పోట్లాట ఇంకా తెగలేదు. కొనుక్కోమన్న డబ్బుతో పెద్దది వెదురు పెన్ను స్టాండు కొంది. చిన్నవాడు తన రెండు వందల్నీ జామకాయలకూ ఐసుక్రీముకూ ఖర్చుపెట్టి, ఇంటికి ఇటుకరాయి ముక్కతోనే తిరిగొచ్చాడు.

ఇంటికొచ్చాక మావారు పదిమందితోనూ చెప్పారు. "మా ఆవిడ వేసిన ప్రోగ్రాం గడియారం ముల్లు మీద నడిచింది" అని. నేను పొంగిపోయాను.

బడి తెరిచారు. తెలుగు మాస్టారు 'నేను వేసవి సెలవులు గడిపిన విధము' మీద వ్యాసం రాసుకు రమ్మన్నారట. మా అమ్మాయి రెండు పేజీలు రాసింది. నేను ఇన్ని యాత్రా గ్రంథాలు విమర్శించినదాన్ని, ఇంట్లో పుట్టిన గ్రంథాన్ని వదిలేస్తానా? తీసి చదివాను.

నిష్పక్షపాతంగా చెబుతున్నాను, బాగా రాసింది. ప్రకృతి ఒడి లేదు, కనువిందు లేదు. "రైలు చీకట్లోకి వెళ్ళినప్పుడల్లా అందరూ అరిచారు. నాన్న కూడా అరిచాడు. ఎదురు సీటు తాతగారు మొదట మమ్మల్ని కోప్పడి తర్వాత తనూ అరిచారు" అని రాసింది. ఎంత చక్కటి వాక్యం! బొర్రా గుహల గురించి, "లోపల చల్లగా ఉంది. పైనుంచి ఒక నీటిచుక్క నా ముక్కు మీద పడింది. ఇలా చుక్కచుక్కా పడే ఈ రాళ్ళన్నీ తయారయ్యాయని నాన్న చెప్పాడు. అయితే ఒక చుక్క రాయి కాకుండా నా ముక్కు మీద పడిపోయింది" అని రాసింది. సున్నపురాయి గుహల్లో రాతి స్తంభాలు ఎలా పెరుగుతాయో వేల ఏళ్ళ లెక్కతో చెప్పిన పెద్ద పుస్తకాల్లో కూడా ఈ ముక్క లేదు. మాస్టారు మాత్రం పదికి ఏడు మార్కులు వేసి, కింద ఎర్రసిరాతో "గుహల లోతు, ఎత్తు, విశాఖ నుండి దూరము వ్రాయవలెను" అన్నారు. ఆయన జాబితాల సంప్రదాయానికి చెందిన విమర్శకుడన్నమాట.

వ్యాసమంతా వెతికితే నా గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "అమ్మ సామాను దగ్గర కూర్చుంది."

ముందు కోపం వచ్చింది. రెండు నెలలు నిద్రమానుకుని ప్రోగ్రాం వేస్తే, రిజర్వేషను చేయిస్తే, సంచీలు కుడితే, మిగిలింది ఇదా అని. "ఏమే, అమ్మ ఇంకేం చెయ్యలేదా?" అన్నాను. అది తెల్లబోయి నావైపు చూసి, "నువ్వు గుహలోకి రాలేదుగా అమ్మా. మరేం రాయను?" అంది.

నిజమే. రైలు బొర్రాలో దిగి గుహలు చూసుకుని, అక్కణ్ణించి కారులో అరకు పోతే వెనక్కి రానక్కర్లేదని నేనే లెక్కవేశాను. సామాను వెంట ఉంది. చిన్నవాడు దిగుతూనే నిద్రపోయాడు. ఎవరో ఒకరు బయట ఉండాలి. నేను బయట బెంచీ మీద, పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని, సంచీలు కాళ్ళ దగ్గర పెట్టుకుని గంటంబావు కూర్చున్నాను. కోతులు వచ్చిపోతుంటే కర్రపుల్లతో అదిలించాను. "నువ్వు మళ్ళీ ఎప్పుడైనా చూద్దువుగానిలే" అన్నారు మావారు, లోపల్నుంచి వచ్చి. "చూద్దాంలెండి" అన్నాను నేను. అప్పుడు నాకేమీ అనిపించలేదు. అది ఒక సంఘటన అని కూడా తోచలేదు.

ఆ రాత్రి నా ప్రోగ్రాం పుస్తకం తీశాను. మావారి మీద పెట్టవలసిన కేసుకు సాక్ష్యం కావాలి కదా! రెండోరోజు పేజీలో, నా దస్తూరీలోనే, ప్రయాణానికి నెల్లాళ్ళ ముందే రాసి ఉంది: "బొర్రా. వాళ్ళిద్దరూ. బాబు నిద్రపోతే సామాను దగ్గర నేను." జలాంతర్గామి కింద, "వాళ్ళు ముగ్గురూ. చెప్పులు, సంచీలు నేను." మూడోరోజు సాయంత్రం ఖాళీ అని రాసుకున్నానే, దానికింద చిన్న అక్షరాలతో, "గదిలో బట్టలు ఉతుక్కోవడం."

ఎవరూ నన్ను బయట కూచోబెట్టలేదండీ. నేనే కూర్చున్నాను. వీరాస్వామయ్యగారి పుస్తకంలో తల్లిగారి మాట లేదని దీపం పెట్టి వెతికిన నేను, నా పుస్తకంలో నా మాట రాసుకోలేదు. అమ్మమ్మ కాలవ దగ్గరకు రాలేదని జాలిపడిన నేను గుహల దాకా వెళ్ళి గుమ్మంలోంచి తిరిగొచ్చాను. మా అమ్మాయి చూసిందే రాసింది. అబద్ధం ఒక్కటీ లేదు. విమర్శకులు యథార్థం యథార్థం అంటారే, అది కావాలంటే ఆ రెండు పేజీలూ చదువుకోవాలి. నాకు అసలు భయం వేసింది ఇంకొకందుకు. ఇంకో పాతికేళ్ళకు అదీ ఇలాంటి పుస్తకమే పుచ్చుకుని ప్రోగ్రాం వేస్తుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో అది నన్ను చూసే నేర్చుకుంటోంది.

మర్నాడు మావారికి పేజీ చూపించాను. కేసు ఎటూ నిలబడదని తెలుసు, అయినా చూపించాను. ఆయన చాలాసేపు చూసి, "అరకులో దిగి, గదిలో సామాను పడేసి, గుహలకు వెనక్కి వస్తే సరిపోయేది కదా? మహా అయితే గంటో గంటన్నరో" అన్నారు. "సరిపోయేది" అన్నాను. "మరి నాతో ఎందుకనలేదు?" అన్నారు. "మీరెందుకడగలేదు?" అన్నాను. ఇద్దరికీ జవాబు దొరకలేదు.

సెలవుల ప్రోగ్రాం వేసుకునే అక్కచెల్లెళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే. పిల్లలకు ఏం చూపించాలో రాసుకోండి, ఏ వారం సెలవో రాసుకోండి, మందుల పెట్టె మర్చిపోకండి. అన్నీ రాసుకున్న తర్వాత, ఆ కాగితం ఎవరో రాసినట్టుగా దూరంగా పెట్టుకుని ఒక్కసారి విమర్శకురాలి కంటితో చదవండి. అందులో మీరు ఎన్నిచోట్ల ఉన్నారు, ఉన్నచోట ఏం చేస్తున్నారు అని చూడండి. సామాను దగ్గర ఎవరో ఒకరు కూర్చోక తప్పదు, నిజమే. ప్రతిసారీ ఒకరే కూర్చోనక్కర్లేదు.

దసరా సెలవులకు హైదరాబాదు అనుకుంటున్నాం. శుక్రవారం కాకుండా చూసుకుని సాలార్‌జంగ్ మ్యూజియం. అక్కడ గంట గంటకూ ఒక చిన్న బొమ్మ మనిషి బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోయే గడియారం ఉంది. మధ్యాహ్నం పన్నెండు గంటలప్పుడైతే పన్నెండు దెబ్బలు వినవచ్చని జనం ముందే చేరి కూర్చుంటారు. పన్నెండింటికి అక్కడ అందరం ఉండాలని పిల్లల పంతం. నిన్న రాత్రి ప్రోగ్రాం పుస్తకం తెరిస్తే, నేను రాయకముందే ఆ పేజీలో మా అమ్మాయి పెన్సిలుతో రాసిపెట్టింది: "పన్నెండు గంటలు. అందరూ. సామాను లాడ్జిలో."

కింద చిన్నవాడు ఏదో గీశాడు. ఇటుకరాయట. అదీ లాడ్జిలోనే ఉంటుందట.